మిర్చి కాంటా మీద మా చిన్నమ్మ

పోయిన నెల హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓపీ బయట నా వంతు కోసం కూర్చుని ఉండగా, సగం తెరిచిన తలుపులోంచి డాక్టరు గారి మాట వినిపించింది: "ముందు ఒక ఇరవై కిలోలు తగ్గి రండమ్మా, ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దాం." బయటికి వచ్చిన ఆవిడకు యాభై ఐదేళ్లుంటాయి. ఆమె నా పక్క కుర్చీలో కూర్చోబోయి, దాని చేతుల మధ్య తాను పట్టనని గ్రహించి, గోడకు ఆనుకుని నిలబడింది. కోడలి చేతిలోని కవర్లోంచి బయాప్సీ కాగితం అంచు కనిపిస్తోంది. నేను వెళ్లింది నా థైరాయిడ్ రిపోర్టు కోసమే అయినా, ఆ మాట విన్నాక నా పని మీద మనసు నిలవలేదు. నాలుగేళ్ల కిందట మా చిన్నమ్మకు కూడా ఇదే మాట, ఇంచుమించు ఇవే అక్షరాలతో చెప్పారు.

గర్భసంచిలో క్యాన్సరు ఉందని తేలిన మనిషికి "బరువు తగ్గి రండి" అని చెప్పి పంపడం, చాలా సందర్భాల్లో, "ఈ ఆపరేషన్ మా వల్ల కాదు" అనే మాటను రోగి నెత్తిన పెట్టి పంపడమేనని నా అభిప్రాయం. "మా వల్ల కాదు" అంటే రోగి మరునాడే ఇంకో చోటికి బయలుదేరుతుంది. "తగ్గి రండి" అంటే ఇంటికి పోయి నెలల తరబడి తనను తాను తిట్టుకుంటుంది. నేను డాక్టరును కాను, జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా జువాలజీ చెప్తున్న దాన్ని. కాబట్టి ఇందులో వైద్యం కన్నా ఒక కుటుంబం చూసినదీ, ఆ తర్వాత నేను కూర్చుని చదివి తెలుసుకున్నదే ఎక్కువ.

చిన్నమ్మది పరకాల దగ్గర ఊరు. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు, ఎత్తు ఐదడుగులు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ముట్టు ఆగిపోయి ఏడేళ్లు గడిచాక మళ్లీ మరక కనిపించడం మొదలైతే, వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతూ ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి మా తమ్ముడు, అంటే ఆమె కొడుకు, బలవంతంగా తీసుకొస్తే స్కానింగులో గర్భసంచి లోపొర మందంగా ఉందన్నారు. బయాప్సీలో క్యాన్సరు తేలింది. మొదటి గ్రేడు, అంటే నెమ్మదిగా పెరిగే రకం. గర్భసంచి దాటకముందే తీసేస్తే ఐదేళ్ల తర్వాత కూడా వందలో తొంభై మందికి పైగా బతికి ఉండే జబ్బు ఇది. ఆ సంగతి మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఆమె బరువు గురించి.

ఆ బరువు కూడా వాళ్లకు సరిగ్గా తెలియదు. ఆసుపత్రిలో ఉన్న తూకం మిషను 120 కిలోల దాకానే చూపిస్తుంది. చిన్నమ్మ ఎక్కితే అంకెలకు బదులు గీతలు కనిపించాయి. "దీంట్లో రాదు, ఎక్కడన్నా తూకం వేయించుకొని రాండ్రి" అన్నది అక్కడి అమ్మాయి. తమ్ముడికి ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంతో పరిచయం ఉంది. మిర్చి సీజన్ అయిపోయిన రోజులు కాబట్టి మధ్యాహ్నం పూట యార్డు ఖాళీగా ఉంది. బస్తాలు తూచే కాంటా మీద చిన్నమ్మను ఎక్కించాం. ఒక హమాలీ ఎక్కడానికి వీలుగా రెండు ఇటుకలు తెచ్చి పెట్టి, అంకె పడేటప్పుడు ముఖం అటు తిప్పుకున్నాడు. 131 కిలోలు. ఆ మర్యాద మాకు ఆసుపత్రిలో దొరకలేదని చాలా రోజులు అనుకున్నాను.

ఆ అంకె చూసిన డాక్టరు గారు పదిహేను కిలోలు తగ్గి రమ్మన్నారు. చిన్నమ్మ అన్నం మానేసి పూటకొక జొన్న రొట్టెకు దిగింది. మోకాళ్ల నొప్పులతో నడవలేదు. నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది, కానీ అదే నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ పదకొండు నుంచి ఏడుకు పడిపోయింది. ఒక రాత్రి రక్తం ఆగకుండా పోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆ మంచం మీద కూడా ఆమె నాతో అన్న మాట ఇది: "ఇంకా పదకొండు కిలోలు ఉన్నది బిడ్డా, నాతోని అయితలేదు." చావు దగ్గరికి వచ్చిందన్న భయం కన్నా, పరీక్ష తప్పిన పిల్ల పడే సిగ్గే ఆమె గొంతులో ఎక్కువ వినిపించింది.

జబ్బూ బరువూ వేరు కావు

మగవాళ్లలోనూ, ముట్టు ఆగిన ఆడవాళ్లలోనూ ఈస్ట్రోజెన్ ఎక్కడ తయారవుతుందని ఇంటర్ పిల్లలను అడిగితే ఎవరూ కొవ్వు అని చెప్పరు. కానీ అండాశయాలు విశ్రాంతి తీసుకున్నాక ఆ పని ప్రధానంగా చేసేది కొవ్వు కణజాలమే. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోస్టీన్‌డయోన్ అనే హార్మోనును కొవ్వులోని ఆరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. దానికి పగ్గం వేసే ప్రొజెస్టరాన్ ఆ వయసులో ఉండదు. పగ్గం లేని ఈస్ట్రోజెన్ ఏళ్ల తరబడి గర్భసంచి లోపొరను పెంచుతూ పోతే, ఏదో ఒక రోజు ఆ పెరుగుదల అదుపు తప్పుతుంది. స్థూలకాయానికి ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న క్యాన్సరు ఇంకొకటి చూపించడం కష్టం.

అంటే ఈ ఆపరేషన్ కోసం వచ్చే స్త్రీలలో ఎక్కువ మంది బరువుగా ఉండటం ఏదో అనుకోని ఆటంకం కాదు, ఆ జబ్బు స్వభావమే అది. కీళ్ల డాక్టరు దగ్గరికి వయసు మళ్లిన వాళ్లు వచ్చినట్టే, ఈ డాక్టరు దగ్గరికి బరువైన వాళ్లు వస్తారు. వాళ్లను బరువు తగ్గి రమ్మనడం, చెరువు తెగి ఇంట్లోకి నీళ్లు వచ్చిన మనిషిని ముందు పోయి కట్ట బాగు చేసుకుని రమ్మన్నట్టు ఉంటుంది. కట్ట బాగు చేయవలసిందే, కాదనను. కానీ ఆ పూట చేయవలసిన పని ఇంట్లో పిల్లలను బయటికి తీయడం.

తెలంగాణలో ఇలాంటి స్త్రీలు తగ్గే సూచన కూడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువుతో ఉంటే, మన రాష్ట్రంలో అది 30 శాతం. వీళ్లలో చిన్నమ్మంత బరువున్న వాళ్లు కొద్దిమందే కావచ్చు. కానీ ఆ సర్వేలో లెక్కించిన స్త్రీలలో ఎక్కువ మంది ఇంకా ముట్టు ఆగే వయసుకు రాలేదు.

మత్తు డాక్టరు చెప్పింది

కోపంలో ఉన్నప్పుడు రాస్తే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ నా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు కరీంనగర్‌లో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాడు. చిన్నమ్మ సంగతి అయిపోయాక ఒకసారి అతనితో చాలాసేపు మాట్లాడాను, నిజానికి పోట్లాడాను. అతను ఓపిగ్గా విని, "మేడమ్, ఒకసారి నా వైపు నిలబడి చూడండి" అన్నాడు.

అతని వైపు నిలబడితే కనిపించేది ఇది. మెడ లావుగా, పొట్టిగా ఉన్న మనిషికి మత్తిచ్చిన తర్వాత గొంతులోకి గొట్టం వేయడం కష్టం కావచ్చు. మామూలు మనిషికి ఊపిరి ఆగిన తర్వాత రక్తంలో ఆక్సిజన్ పడిపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇంత బరువున్న మనిషికి ఆ వ్యవధి బాగా తగ్గిపోతుంది. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాలతో చేద్దామంటే, కడుపులోకి గ్యాసు నింపి, టేబులును తల కిందికి, కాళ్లు పైకి వచ్చేట్టు వంచాలి. అప్పుడే పేగులు పైకి జారి గర్భసంచి కనిపిస్తుంది. కానీ ఆ పేగులూ కొవ్వూ కలిసి ఊపిరితిత్తుల మీద పడతాయి, వెంటిలేటరు ఎంత నెట్టినా గాలి పోవడం కష్టమవుతుంది. పోనీ పొట్ట కోసి చేద్దామంటే, కొవ్వు పొరకు రక్తప్రసరణ తక్కువ కాబట్టి కోసిన చోట నీరు చేరి, చీము పట్టి, కుట్లు విడిపోవచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే మనిషి దక్కకపోవచ్చు.

"ఇవన్నీ దాటించవచ్చు. కానీ మా దగ్గర ఐసీయూలో ఒక్క వెంటిలేటరు. టేబులు బలం ఎంతో దాని మీద రాసి ఉంటుంది, వంచితే అది ఇంకా తగ్గుతుంది. ఆమె టేబులు మీద పోతే రేపు పొద్దున మా ఆసుపత్రి అద్దాలు ఉండవు. అట్లని 'మాకు రాదు' అంటే ఆ మాట ఊరంతా తిరుగుతది. బరువు తగ్గి రమ్మంటే ఎవరికీ కోపం రాదు, పేషెంటుకు కూడా."

ఆ చివరి వాక్యం నన్ను చాలా కాలం వెంటాడింది. అవును, చిన్నమ్మకు కోపం రాలేదు. తప్పు తనదేననుకుంది.

అతని భయాన్ని నేను తక్కువ చేయను. చేతకాని చోట ధైర్యం చేసి కత్తి పట్టిన డాక్టరు కన్నా, పట్టనన్న డాక్టరే నయం. నా తగాదా నిరాకరణతో కాదు, దానికి తొడిగిన వేషంతో. డబ్బు సంగతి కూడా ఉంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ఆపరేషన్ పేరును బట్టి ఉంటుంది తప్ప మనిషిని బట్టి ఉండదు. యాభై కిలోల మనిషికి రెండు గంటల్లో ముగిసేది చిన్నమ్మలాంటి మనిషికి నాలుగైదు గంటలు పట్టవచ్చు, మనుషులు ఎక్కువ కావాలి, మందులు ఎక్కువ కావాలి. 2023 డిసెంబరులో పథకం పరిమితిని 10 లక్షలకు పెంచినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను, కానీ పరిమితి పెరిగినంత మాత్రాన ఈ నష్టం లెక్క మారదు.

హైదరాబాదులో వాళ్లు వేరుగా చేసినది

రక్తం ఎక్కించిన వారానికి చిన్నమ్మను హైదరాబాదు తీసుకెళ్లాం. అక్కడ ఆశ్చర్యపోయిన మొదటి విషయం చాలా చిన్నది. బీపీ చూసే నర్సు చిన్నమ్మ చేతికి పట్టీ చుట్టబోయి, ఆగి, అలమారలోంచి పెద్ద పట్టీ తీసుకొచ్చింది. మా ఊళ్లో 180 చూపించిన బీపీ అక్కడ 150 దగ్గర ఆగింది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుందట. మా దగ్గర ఆపరేషన్‌కు ఫిట్‌నెస్ ఇవ్వకపోవడానికి రాసిన కారణాల్లో ఆ 180 కూడా ఒకటి. మా చిన్నమ్మ రక్తపోటులో ముప్పై పాయింట్లు ఒక గుడ్డ పట్టీవి.

రెండోది, అక్కడ ఎవరూ బరువు తగ్గమనలేదు. ఆ బరువుతో ఆపరేషన్ ఎలా చేయాలన్నదే మాట్లాడారు. రాత్రి నిద్రలో ఊపిరి ఆగుతోందా అని పరీక్ష చేసి, ఆగుతోందని తేలితే రెండు వారాలు మాస్కు మిషనుతో పడుకోబెట్టారు. ఆ రెండు వారాల్లోనే షుగరు అదుపులోకి తెచ్చారు. ఆపరేషన్ రోజున తలా భుజాలూ ఎత్తుగా దిండ్లు పేర్చి మత్తిచ్చారు. టేబులు వంచితే జారిపోకుండా వీపు కింద ప్రత్యేకమైన పరుపు వేశారు. ముందుగా వంచి చూసి, ఊపిరి నిలుస్తోందని నమ్మకం కుదిరాకే రోబో చేతులు లోపలికి పంపారట. కోతకు ముందు ఇచ్చే సెఫాజోలిన్ ఇంజెక్షను మామూలుగా 2 గ్రాములైతే, 120 కిలోలు దాటిన వాళ్లకు 3 గ్రాములు ఇవ్వాలి, అలాగే ఇచ్చారు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే సూదిమందు ఇంటికి వచ్చాక కూడా మొత్తం నాలుగు వారాలు వేయించాం. ఆపరేషన్ అయిన నాలుగో రోజున చిన్నమ్మ తన కాళ్ల మీద తాను నడిచి కాజీపేటలో రైలు దిగింది.

ఇందులో రోబో ఒక్కటే ఖరీదైన వస్తువు. పెద్ద బీపీ పట్టీ, దిండ్లు, జారని పరుపు, లెక్క ప్రకారం ఇంజెక్షను, ఇవేవీ వరంగల్‌కు రాలేనంత దూరపు వస్తువులు కావు. పాత జైలు స్థలంలో లేచిన ఇరవై నాలుగు అంతస్తుల ఆసుపత్రి భవనం వైపు చూసినప్పుడల్లా, అందులో ఎన్ని కిలోల దాకా మోసే టేబులు పెడతారోనని ఆలోచిస్తుంటాను. అంతస్తుల సంఖ్య అందరికీ తెలుసు, ఈ అంకె గురించి ఎవరూ అడగరు.

ఆపరేషన్ తర్వాత వచ్చిన రిపోర్టులో గడ్డ గర్భసంచి కండరంలోకి సగానికి మించి దిగిందని ఉంది. అందువల్ల కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాల్సి వచ్చింది. నాలుగు నెలల ముందే తీసి ఉంటే సగం లోపే ఉండేదా? ఈ ప్రశ్న హైదరాబాదు డాక్టరు గారిని అడిగితే, మొదటి గ్రేడు జబ్బు నాలుగు నెలల్లో అంత దూరం నడవకపోవచ్చునని, తేడా ఉండేదని తాను ప్రమాణం చేయలేనని అన్నారు. ఆ నిజాయితీకి నేను కట్టుబడి ఉండాలి కాబట్టి, ఆ నాలుగు నెలల వల్లనే చిన్నమ్మకు కరెంటు పెట్టించాల్సి వచ్చిందని వాదించను. రక్తం పోయింది, ఆ రాత్రి ప్రాణం మీదికి వచ్చింది, ఇవి మాత్రం నా కళ్లతో చూసినవి.

సగానికి పైగా కుదరలేదన్న అధ్యయనం

నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాన్ని నేనే చెప్పడం మంచిది. గర్భసంచి క్యాన్సరుకు పొట్ట కోసి చేయడం మేలా, రంధ్రాలతో చేయడం మేలా అని అమెరికాలో 2,616 మంది స్త్రీల మీద చేసిన ల్యాప్-2 అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. రంధ్రాలతో మొదలుపెట్టిన ఆపరేషన్లలో నాలుగింట ఒకటి మధ్యలో ఆపి పొట్ట కోయాల్సి వచ్చింది. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 25 ఉన్న వాళ్లలో అలా మార్చాల్సి వచ్చింది 17.5 శాతం మందికైతే, 40 దాటిన వాళ్లలో 57.1 శాతం మందికి. చిన్నమ్మ బీఎంఐ 55 పైమాటే. ఈ అంకెలు చూపించి, "చూశారా, సగానికి పైగా కుదరదు" అని ఏ డాక్టరైనా అంటే నా దగ్గర తేలికైన జవాబు లేదు.

అయితే అదే అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత వచ్చిన ఓ మోస్తరు నుంచి తీవ్రమైన చిక్కులు పొట్ట కోసిన వాళ్లలో 21 శాతం, రంధ్రాల వాళ్లలో 14 శాతం. అంటే ఎవరికి ఈ పద్ధతి కష్టమో, పుండు మానని ఆ బరువైన వాళ్లకే దాని అవసరం ఎక్కువ. మధ్యలో పొట్ట కోయాల్సి వచ్చిన ఆపరేషన్ కూడా ఆపరేషనే, గడ్డ బయటికి వచ్చింది. ఆ స్త్రీలను నమోదు చేసుకున్నది 1996 నుంచి 2005 మధ్య. రోబో పరికరాలు విస్తరించిన తర్వాత బరువైన వాళ్లలో ఇలా మధ్యలో మార్చే అవసరం బాగా తగ్గింది, ఎందుకంటే మందమైన పొట్ట గోడతో కుస్తీ పట్టేది అప్పుడు డాక్టరు మణికట్టు కాదు, యంత్రం. క్యాన్సరు మళ్లీ రావడంలో తేడా ఉంటుందేమోనన్న భయాన్ని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో 760 మంది మీద చేసి 2017లో ప్రకటించిన లేస్ అధ్యయనం తీర్చింది: నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నది కోసిన వాళ్లలో 81.3 శాతం, రంధ్రాల వాళ్లలో 81.6 శాతం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇదంతా గర్భసంచి లోపొర క్యాన్సరు గురించి. మన దగ్గర ఇంకా ఎక్కువగా కనిపించే గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ రంధ్రాలతో చేసిన వాళ్లకే ఎక్కువ నష్టం జరిగిందని 2018లో తేలింది. నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నది కోసిన వాళ్లలో 96.5 శాతమైతే, రంధ్రాల వాళ్లలో 86 శాతం మాత్రమే. బంధువులు "మా వదినకు రోబోతో చేశారు, మీరూ అదే అడగండి" అని సలహా ఇచ్చే ముందు ఏ క్యాన్సరో అడగాలి.

ఆగడం తప్పు కాని సందర్భాలు

"తగ్గి రండి" అనే మాట ఎప్పుడూ తప్పేనని నేను అనడం లేదు. లోపొర కణాలు మారాయి కానీ ఇంకా క్యాన్సరు కాలేదనే దశలోనో, లేదా పిల్లలు కావాలనుకునే చిన్న వయసు స్త్రీకి పైపైన ఉన్న మొదటి గ్రేడు క్యాన్సరులోనో, గర్భసంచిలో ప్రొజెస్టరాన్ లాంటి మందు వదిలే హార్మోను లూప్ పెట్టి ఆగి చూడవచ్చు. బీఎంఐ 30 దాటిన స్త్రీల మీద ఆస్ట్రేలియాలో జరిగి 2021లో వచ్చిన అధ్యయనంలో, లూప్ పెట్టిన ఆరు నెలలకు క్యాన్సరు కాని దశలో ఉన్న వాళ్లలో 82 శాతం మందికి, తొలి దశ క్యాన్సరు ఉన్న వాళ్లలో 43 శాతం మందికి బయాప్సీ శుభ్రంగా వచ్చింది. మత్తుకు ఏ రకంగానూ తట్టుకోలేని మనిషికి కూడా ఇదొక దారి. నడుముకు మత్తిచ్చి కింది నుంచి గర్భసంచి తీయడం ఇంకొక దారి. అదీ కుదరకపోతే కరెంటు ఒక్కటే మిగులుతుంది.

కానీ గమనించండి, వీటిలో ఏదీ ఖాళీగా ఆగడం కాదు. లూప్ ఉంది, మూడు నెలలకొక బయాప్సీ ఉంది, ఎప్పటికి తగ్గకపోతే ఆపరేషన్‌కు వెళ్లాలో ఒక తేదీ ఉంది. మా చిన్నమ్మ చేతికి ఇచ్చిన చీటీలో ఐరన్ మాత్రలు, "ఆహార నియమం" అన్న రెండు మాటలు ఉన్నాయి. మళ్లీ ఎప్పుడు రావాలో కూడా రాయలేదు. కిలోలు తగ్గినప్పుడే తేదీ.

బరువు గురించి అసలు మాట్లాడవద్దా అంటే, మాట్లాడాలి. తొలి దశలో ఈ క్యాన్సరు నయమైన స్త్రీలను తర్వాతి కాలంలో తీసుకుపోయేది ఎక్కువగా క్యాన్సరు కాదు, గుండె జబ్బు. అందువల్ల ఆపరేషన్ అయిపోయి కుట్లు ఆరిన తర్వాత, డైటీషియన్‌తోనో, అవసరమైతే బరువు తగ్గించే ఆపరేషన్ చేసే డాక్టరుతోనో మాట్లాడించడం వైద్యంలో భాగమే. ఆపరేషన్‌కు ముందు గేటు దగ్గర టికెట్టులాగా అడిగినప్పుడే అది వేరే వస్తువు అవుతుంది.

ఈ గేటు విషయంలో మన రాష్ట్రంలో ఒక వింత ఉంది. 2015–16 జాతీయ సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7 శాతం. చిన్నమ్మ ఇంటి పక్కావిడకు ముప్పై రెండేళ్లకే తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, ఉంచుకుంటే క్యాన్సరు అవుతుందని భయపెట్టి తీశారు. ఆమెను ఎవరూ ఏ కాంటా ఎక్కించలేదు. ఒకే వాడకట్టులో క్యాన్సరు లేని గర్భసంచి వారంలో బయటికి వచ్చింది, క్యాన్సరు ఉన్న గర్భసంచి నాలుగు నెలలు లోపలే ఉండిపోయింది. మొదటిది తేలికైన ఆపరేషన్, రెండోది కష్టమైనది. రోగి అవసరాన్ని బట్టి కాక, కోసే సులువును బట్టి నిర్ణయాలు జరిగితే ఇలాగే ఉంటుంది.

నేను అడిగేది చాలా కొద్ది. చేయలేమన్న ఆసుపత్రి ఆ మాట కాగితం మీద రాయాలి: ఏం జబ్బు, ఏ గ్రేడు, ఇక్కడ ఎందుకు కుదరదు, ఎక్కడ కుదురుతుంది, ఎన్ని రోజుల్లో వెళ్లాలి. హైదరాబాదులో నిమ్స్‌కూ, ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికీ రోబోలు వచ్చాయి. కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రెండున్నర గంటల ప్రయాణం. కాగితం ఉంటే పేషెంటు ఆ రైలెక్కుతుంది, లేకపోతే జొన్న రొట్టె దగ్గర ఆగిపోతుంది.

ఓపీ బయట నిలబడ్డ ఆవిడ కోడలితో ఇదే చెప్పాను. లోపలికి మళ్లీ వెళ్లి, ఇక్కడ కాకపోతే ఎక్కడ చేస్తారో రాసిమ్మని అడగమన్నాను. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు డాక్టరా?" అంది. కాదన్నాను. అత్తగారు మాత్రం గోడ దగ్గరి నుంచే, "పోయి అడుగరాదే" అంది. ఆ లోపు నా పేరు పిలిచారు. నేను తిరిగి వచ్చేసరికి వాళ్లు అక్కడ లేరు. లోపలికి వెళ్లారో, ఇంటికి వెళ్లారో కనుక్కునే వీలు లేకపోయింది.

ఇది పెట్టే ముందు చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె కిలోలు రాశాను కాబట్టి అనుమతి తీసుకోవాలి కదా. ఇప్పుడు 118 ఉంది. పోయిన మేడారం జాతరలో తన ఎత్తు బంగారం, అంటే తన బరువుకు సరితూగే బెల్లం, తూయించి, దాన్ని గద్దెల దగ్గర సమర్పించింది. అక్కడ బరువు చెప్పుకోవడానికి ఆమెకే కాదు, ఎవరికీ సిగ్గు ఉండదు. మొత్తం విని రెండు దిద్దుబాట్లు చెప్పింది. కాంటా ఎక్కినప్పుడు చేతిసంచి భుజానికే ఉంది కాబట్టి 131 కాదు, 130 అని రాయమంది. రెండోది, ఆసుపత్రిలో మర్యాద దొరకలేదని రాయడం అబద్ధమంది. "ఆ డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు బిడ్డా. స్టూలు తెప్పిచ్చి కూసోబెట్టిండు, మంచిగ మాట్లాడిండు. అందుకే గద నాలుగు నెలలు ఆగిన."